ముంబైలో 1968 ఫియట్ 1100, కొనేది గుంటూరు నుంచి: అడ్వాన్స్ పంపే ముందు ఏం చూడాలి?

గుంటూరు_గ్యారేజీ:

అందరికీ నమస్కారం. ముంబై శివారు వసయిలో 1968 ఫియట్ 1100 డిలైట్ ఒకటి అమ్మకానికి వచ్చింది. నేనుండేది గుంటూరు. రిస్టొరేషన్‌కే కొంటున్నా, కాబట్టి నడిచే బండి కావాలని లేదు. ఇప్పటిదాకా తెలిసిన వివరాలు:

- మూడక్షరాల పాత నంబరు. ఆర్‌సీ బుక్కు ఒరిజినల్ ఉందంటున్నారు. రిజిస్ట్రేషన్ గడువు 2013లోనే అయిపోయింది, రెన్యూవల్ చేయించలేదు.
- బుక్కు తండ్రిగారి పేరు మీద ఉంది. ఆయన చనిపోయారు. అమ్ముతున్నది కొడుకు.
- అప్పటినుంచీ షెడ్డులోనే ఉంది. "ఇంజిన్ జామ్ కాలేదు, బ్యాటరీ పెడితే స్టార్టవుతుంది, కావాలంటే వీడియో పంపిస్తా" అంటున్నారు.
- తెల్ల రంగు నిగనిగలాడుతోంది. కిందటేడాదే కొట్టించారట.
- గ్రిల్లు, బంపర్లు, నాలుగు హబ్ క్యాపులు ఉన్నాయి. ఎడమవైపు క్రోమ్ బీడింగ్ లేదు. వెనక దీపం అద్దం ఒకటి పగిలింది.
- ధర 1,60,000. ఈ వారంలో 25,000 అడ్వాన్స్ వేస్తే వేరేవాళ్లకు చూపించనంటున్నారు.

చూడ్డానికి ఒకసారి వెళ్లగలను, కానీ వెళ్లేముందే తేల్చుకోగలిగినవి తేల్చుకుందామని అడుగుతున్నా. ఫోనులో ఏం అడగాలి, ఏ ఫొటోలు తెప్పించుకోవాలి, ఇక్కడికి ఎలా తేవాలి?

---

ఆర్‌సీ_బుక్కు:

అడ్వాన్స్ ఇప్పుడే పంపకండి. మీరు రాసినవాటిలో నన్ను భయపెట్టినవి రెండే: గడువు 2013లో తీరడం, ఓనరు చనిపోయి ఉండడం. బండి ఎలా ఉందన్నది వీటి తర్వాతే.

ముందు వారసత్వం. ఓనరు చనిపోతే బండి వారసుడి పేరు మీదికి ఫారం 31తో మారాలి. మరణ ధ్రువీకరణ పత్రం, వారసుల సర్టిఫికెట్, మిగతా వారసులు (తల్లి, అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములు) అభ్యంతరం లేదని ఇచ్చే అఫిడవిట్లు కావాలి. అది కొడుకు పేరు మీదికి మారాకే ఆయన మీకు అమ్మగలడు. అప్పుడు ఫారం 29, 30 (అమ్మకం బదిలీ ఫారాలు) మీద ఆయన సంతకాలు చెల్లుతాయి. "నాన్నగారు బతికున్నప్పుడే సంతకాలు పెట్టిన ఫారాలు ఉన్నాయి" అంటే అవి చిత్తు కాగితాలు. చనిపోయినవారి సంతకంతో బదిలీ చేయించబోతే కేసులో మీ పేరు కూడా చేరొచ్చు.

ఇక గడువు. వేరే రాష్ట్రం బండికి ఇక్కడ కొత్త నంబరు రావాలంటే అక్కడి ఆర్‌టీఓ నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) రావాలి. పన్ను బకాయి, చలాన్లు, దొంగబండ్ల జాబితా అన్నీ చూసుకునే అది ఇస్తారు. గడువు తీరిన బండికి ఎన్‌ఓసీ అడిగితే, ముందు రెన్యూవల్ చేయించుకు రమ్మనే ఆఫీసులున్నాయి. రెన్యూవల్ అంటే ఫారం 25, దాంతోపాటు ఇన్‌స్పెక్షన్. బ్రేకులు, లైట్లు, హారన్ పనిచేస్తూ బండి ఇన్‌స్పెక్టర్ ముందు నిలబడాలి. అది నడవాలంటే రిపేరు కావాలి. రిపేరు మీరు గుంటూరులో చేద్దామనుకుంటున్నారు. గుంటూరుకు తెచ్చాక ఇక్కడి ఆఫీసు వాళ్లు ఎన్‌ఓసీ లేకుండా ఫైలు ముట్టుకోరు. దూరం నుంచి పాత బండ్లు కొన్నవాళ్లలో ఎక్కువమంది చిక్కుకునేది ఈ ముడిలోనే.

డబ్బు కూడా చిన్నది కాదు. 20 ఏళ్లు దాటిన కారు రెన్యూవల్ ఫీజును 2025 ఆగస్టులో 10,000కు పెంచారు. ఆలస్యానికి నెలకు 500 అదనం. 2013 నుంచి 12 ఏళ్లే వేసుకున్నా 144 నెలలు, అంటే 72,000. ఆ ఆఫీసు ఏ తేదీ నుంచి లెక్కిస్తుందన్నదాన్ని బట్టి ఈ అంకె తగ్గొచ్చు. కానీ బేరం కుదరకముందే తేలాల్సిన అంకె ఇది.

అందుకని అమ్మే ఆయనకు ఒక్క పని చెప్పండి. బుక్కు పట్టుకుని వాళ్ల ఆర్‌టీఓకు వెళ్లి మూడు ప్రశ్నలు అడగమనండి: మా రికార్డు కంప్యూటర్లోకి ఎక్కిందా? వారసుడి పేరు మీదికి మార్చి, రెన్యూవల్ లేకుండానే ఆంధ్రకు ఎన్‌ఓసీ ఇస్తారా? మొత్తం ఎంత కట్టాలి? రికార్డు ఆన్‌లైన్లో లేకపోతే బ్యాక్‌లాగ్ ఎంట్రీ (పాత రికార్డును కంప్యూటర్లోకి ఎక్కించడం) చేయించాలి. పాత రిజిస్టరు దొరికితేనే అది అవుతుంది. ఆ పని మీద ఒక పూట తిరగడానికి కూడా ఇష్టపడని మనిషి, మీ డబ్బు చేతిలో పడ్డాక అసలే తిరగడు.

బుక్కులో ప్రతి పేజీ ఫొటో తెప్పించుకోండి, ఖాళీ పేజీలతో సహా. హైపోథికేషన్ (బండి మీద అప్పు) ముద్ర ఎక్కడైనా ఉందేమో చూడండి. అప్పట్లో అప్పిచ్చిన ఫైనాన్స్ కంపెనీ మూతపడి ఉంటే, అప్పు తీరిందని ఫారం 35 మీద సంతకం పెట్టేవాళ్లే దొరకరు.

---

ఆటోనగర్_టింకరింగ్:

కాగితాల సంగతి పైన అన్నగారు చెప్పేశారు. నేను రేకు గురించే చెప్తా.

"కిందటేడాది పెయింట్ కొట్టించాం" అంటే నా దృష్టిలో అది బండికి మైనస్. పదేళ్లు పైగా షెడ్డులో కదలని బండికి, అమ్మే ముందు ఏడాది రంగెందుకు కొట్టిస్తారు? వసయి అంటే సముద్రం గాలి, నాలుగు నెలల వాన. పాత రంగుతో, తుప్పు కళ్లకు కనబడుతూ ఉన్న బండే కొనడానికి మేలు. ఎంత పోయిందో లెక్క తెలుస్తుంది.

ఇది లారీల్లాగా విడి ఛాసిస్ మీద కూర్చున్న బాడీ కాదు. ఫియట్ 1100కు బాడీయే ఛాసిస్. తలుపుల కింద పొడుగునా పోయే సిల్లులు, ఫ్లోరు, వెనక కట్టల (స్ప్రింగు పట్టీల) హ్యాంగర్లు బిగించే చోట్లు, బరువంతా వీటిమీదే. ఫెండరు పోతే కొత్తది వేసుకోవచ్చు. సిల్లు లోపలినుంచి తినేస్తే బండి నడుము దగ్గర కుంగుతుంది.

ఫోను వీడియోలోనే ఇది పట్టుకోవచ్చు. నాలుగు తలుపులూ మూసి, ఒక్కో తలుపు చుట్టూ సందును దగ్గరగా తీయమనండి. ముందు తలుపు వెనక అంచు దగ్గర పైన సందు సన్నబడి కింద వెడల్పైతే బాడీ కుంగినట్టే. తర్వాత తలుపు సగం తెరిచి కింద అంచు పట్టుకుని పైకి ఎత్తమనండి. కదిలితే కీలు అరిగిందా, కీలు బిగించిన పిల్లరే కదులుతోందా చూడండి. కీలు పిన్ను మార్చడం అరపూట పని. పిల్లరు మొదలు కుళ్లితే నెల పని.

వెళ్లినప్పుడు తీసుకెళ్లాల్సినవి: పలచని గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతం, మొద్దు స్క్రూడ్రైవరు, టార్చి, కింద పడుకోవడానికి ఒక గోనెసంచి. అయస్కాంతం సిల్లుల మీద, చక్రాల ఆర్చుల అంచుల మీద, తలుపుల అడుగు నాలుగంగుళాల్లో, హెడ్‌లైట్ల వెనక ఫెండరు మీద జరపండి. పట్టనిచోట పుట్టీ ఉన్నట్టు. మంచి పనిలో పుట్టీ రెండు మూడు మిల్లీమీటర్లకు మించదు, అయస్కాంతం కొంచెమైనా లాగుతుంది. అసలే జారిపోతే వెనక రేకు లేదు, లేదా జాలీ పెట్టి పూశారు.

తర్వాత ముందు మ్యాట్లు ఎత్తి కాళ్లు పెట్టేచోటు, డిక్కీలో స్టెప్నీ గుంట, బ్యాటరీ ట్రే, అద్దం రబ్బరు కింద వైపరు దగ్గర చూడండి. అద్దం అడుగున చిల్లు పడితే వాననీళ్లు డ్యాష్‌బోర్డు వెనకనుంచి ఫ్లోరులోకి దిగుతాయి. పైన మరక కూడా కనబడదు. జాకీ వేసే చోట్ల స్క్రూడ్రైవరు పిడితో తట్టండి. ఖంగుమనాలి. బొద్దుగా మోగితే లోపల తుప్పు పొడి నిండింది. అమ్మేవాళ్ల ఎదుట మొనతో పొడవకండి, గొడవలవుతాయి.

ఇంకొక మోసం ఉంది, ముంబై బండి కాబట్టి ప్రత్యేకం. పద్మిని ట్యాక్సీలు ఆ ఊళ్లో 2023 అక్టోబరు దాకా తిరిగాయి. 1964లో మొదలైన డిలైట్‌కూ, 1970ల్లో పేరు మారి వచ్చిన పద్మినికీ బాడీ మూలం ఒకటే. అందుకని తర్వాతి ట్యాక్సీ బాడీకి 1960ల ప్రైవేటు బండి కాగితాలు తగిలించడం సులువు. డిక్కీ అట్ట కింద, డ్యాష్‌బోర్డు అడుగున, తలుపు రబ్బర్ల కింద గోరుతో గీకి చూడండి. నలుపు గానీ, రూఫు అంచున పసుపు గానీ బయటపడితే అది ట్యాక్సీ. ఎడమవైపు ముందు మీటరు బిగించిన చిల్లులు పూడ్చిన గుర్తులుంటాయి. రూఫు మీద క్యారియరు చిల్లులు కూడా చూడండి.

ఇంజిన్ బేలో ఛాసిస్ నంబరు కొట్టినచోట మురికిని గుడ్డతో తుడిపించి ఫొటో తీయించండి, ఆపైన పెన్సిల్ ప్రింటు తీసి పంపమనండి. ఇన్సూరెన్సు వాళ్లు తీసుకునేదే, ఏ మెకానిక్కయినా తీస్తాడు. అంకెలు ఒకే వరసలో, ఒకే లోతులో ఉండాలి. చుట్టూ గ్రైండరు గీతలో, వెల్డింగు పూసో కనిపిస్తే ఇక మాట్లాడకుండా వదిలేయండి.

---

గుంటూరు_గ్యారేజీ:

ఇద్దరికీ ధన్యవాదాలు. వీడియో, ఫొటోలు వచ్చాయి. ఛాసిస్ నంబరు పెన్సిల్ ప్రింటు బుక్కుతో సరిపోయింది, అంకెలు శుభ్రంగా ఉన్నాయి. ఇంజిన్ నంబరు మాత్రం బుక్కులో ఉన్నది కాదు. "తొంభైల్లో పద్మిని ఇంజిన్ వేయించారు" అన్నారు. బుక్కులో ఆ ఎంట్రీ లేదు. కుడివైపు ముందు తలుపు పైన సందు ఎడమవైపుతో పోలిస్తే బాగా తక్కువ. ఫ్లోరు కుడివైపు కాళ్ల దగ్గర కొత్త రేకు ముక్క వెల్డింగు కనిపిస్తోంది. ట్యాక్సీ రంగు జాడలు లేవు. స్టార్టు చేసి చూపించమంటారా?

---

సోలెక్స్_1089:

వద్దు. స్టార్టు చేయొద్దని మీరే గట్టిగా చెప్పండి.

అన్నేళ్లు ఆగిన ఇంజిన్లో సిలిండరు గోడల మీద నూనె ఉండదు. రింగుల దగ్గర సన్నటి తుప్పు పొర ఉంటుంది. బ్యాటరీ పెట్టి సెల్ఫు కొడితే ఆ పొర గోడను గీకుతుంది, ఒక్కోసారి రింగు విరుగుతుంది. ట్యాంకులో ఎండిన పెట్రోలు బంక, తుప్పు కలిసి పంపు గుండా కార్బొరేటరులోకి వెళ్తాయి. మీకు రెండు నిమిషాల వీడియో వస్తుంది, బోరింగు ఖర్చు కూడా వస్తుంది.

దానికి బదులు ఒక స్థానిక మెకానిక్కును డబ్బిచ్చి పంపండి. అమ్మేవాళ్లు కుదిర్చినవాణ్ని కాదు. చేయించాల్సింది ఇది. నాలుగు ప్లగ్గులూ విప్పి ఫొటో. ఒక్కో సిలిండర్లో 10, 15 మి.లీ. ఇంజిన్ ఆయిలు, డీజిలు సగం సగం కలిపి పోయడం. ఒకటి రెండు రోజులు నాననివ్వడం. ప్లగ్గులు లేకుండానే ముందు పుల్లీ నట్టుకు పానా వేసి చేత్తో రెండు చుట్లు తిప్పడం. తిరిగితే "జామ్ కాలేదు" అన్నమాట నిజం. తిరక్కపోతే బలవంతం చేయొద్దు, ఆ సంగతి ధరలో చూపిస్తే సరి. ఆయిల్ మూత లోపల మజ్జిగలా తెల్లగా పేరుకుని ఉంటే నీళ్లు కలుస్తున్నాయి. హెడ్ గ్యాస్కెట్ కావచ్చు, అల్యూమినియం హెడ్డే తినేసి ఉండొచ్చు. ఈ ఇంజిన్‌కు బ్లాకు పోత ఇనుము, హెడ్డు అల్యూమినియం. కూలెంట్ లేకుండా కుళాయి నీళ్లతో నడిపితే మొదట చెడేది హెడ్డులో నీటి దారుల అంచులు.

కంప్రెషన్ (సిలిండర్లో ఒత్తిడి) చూడమంటే నాలుగు ప్లగ్గులూ తీసి, యాక్సిలరేటరు పూర్తిగా తొక్కి పట్టి, నాలుగైదు చుట్లు. 120 పైన ఉండి సిలిండర్ల మధ్య తేడా 15 పీఎస్‌ఐ లోపలైతే సంతోషం. ఒకదాంట్లో తక్కువొస్తే కాస్త ఆయిలు పోసి మళ్లీ చూడాలి. పెరిగితే రింగులు, పెరక్కపోతే వాల్వులు. కానీ ఇన్నేళ్లు నిలిచిన బండిలో రింగులు గాడిలో అతుక్కుని ఉంటాయి, మొదటి రీడింగును పట్టుకుని ఇంజిన్ పోయిందని తేల్చేయకూడదు.

నిజానికి ఈ బండిలో ఇంజిన్ నాకు ఆఖరి చింత. ఇది 1089 సీసీ ఇంజిన్. పిస్టన్లు, రింగులు, బేరింగులు, గ్యాస్కెట్ సెట్లు, కార్బొరేటరు కిట్లు పద్మినివే పనికొస్తాయి, ఇప్పటికీ దొరుకుతున్నాయి. దొరకనివి డిలైట్‌కే ప్రత్యేకమైన గ్రిల్లు, బీడింగు, దీపాల అద్దాలు, హారన్ రింగు, మీటరు. మీ బండికి గ్రిల్లు, హబ్ క్యాపులు ఉన్నాయన్నారు, అది పెద్ద ఊరట. బీడింగు కోసం ముంబై చోర్ బజార్, కుర్లా పాత స్పేర్ల కొట్లు, చెన్నై పుదుపేట వెతకాలి. ఎలాగూ వసయి వెళ్తున్నారు కాబట్టి ఒకరోజు కుర్లాకు పెట్టుకోండి.

కింద చూసేటప్పుడు కింగ్‌పిన్ను (ముందు చక్రం పక్కకు తిరిగే ఇరుసు పిన్ను) మరచిపోకండి. ముందు చక్రం జాకీ మీద లేపి పైన, కింద పట్టుకుని ఊపండి. ఆట ఉంటే ఒకరిని బ్రేకు తొక్కమని మళ్లీ ఊపండి. బ్రేకు తొక్కినా ఆట అలాగే ఉంటే కింగ్‌పిన్ను, పోతే హబ్ బేరింగు. బ్రేకులు నాలుగూ డ్రమ్ములే, ఒకే సర్క్యూటు. వీల్ సిలిండర్లు పట్టేసి ఉంటాయి, చూడకుండానే నాలుగు చక్రాలవీ, మాస్టరు సిలిండరూ, రబ్బరు హోసులన్నీ మార్చాలని లెక్క రాసుకోండి. పెట్రోలు పైపులు, పంపు డయాఫ్రమ్ కూడా. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు), పాత రబ్బరు దాంట్లో ఉబ్బి మెత్తబడుతుంది.

---

ఆటోనగర్_టింకరింగ్:

కుడివైపు తలుపు సందు, అదే వైపు ఫ్లోరు ప్యాచ్. రెండూ ఒకే కథ చెబుతున్నాయి. కుడి సిల్లు లోపల పోయింది. పైన రేకు అతికి రంగు కొట్టారు. ఇది బాగవుతుంది, భయపడక్కర్లేదు. కానీ ధర అలా ఉండకూడదు.

పని ఎలా జరగాలో తెలిస్తే ఖర్చు మీరే లెక్కేయగలరు. సిల్లు కోయకముందు తలుపులు విప్పి, తలుపు కంతలకు అడ్డంగా అంగుళం చదరపు పైపు పిల్లరు నుంచి పిల్లరుకు వెల్డు చేసి బిగించాలి. దానికన్నా ముందు కంత మూల నుంచి మూలకు రెండు వైపులా కొలిచి గోడ మీద రాసుకోవాలి. కుంగిన వైపు కొలత తేడాగా వస్తుంది. స్టాండ్ల మీద లెవెల్ చేసి, జాకీతో నెమ్మదిగా ఎత్తి ఆ తేడా పోయాకే బ్రేసులు బిగించాలి. కుంగిన బాడీకి కొత్త సిల్లు వేస్తే ఆ కుంగు శాశ్వతం. తలుపు ఏనాటికీ సరిగా పడదు. రెండు సిల్లులూ ఒకేసారి కోయకూడదు, ఒకటి పూర్తయ్యాకే రెండోది.

రేకు 20 గేజీ సీఆర్‌సీఏ (కోల్డ్ రోల్డ్ ఉక్కు రేకు). ఎనిమిది బై నాలుగు షీటు ఒకటి రెండు సిల్లులకూ, ముందు ఫ్లోరుకూ వస్తుంది. కట్టల హ్యాంగరు దగ్గర మాత్రం 2 మి.మీ. వేయాలి. మిగ్ వెల్డింగు, 0.8 వైరు, అంగుళం అంగుళం చొప్పున దూరం దూరంగా. గ్యాసుతో గీస్తే రేకు అలలు పడుతుంది, ఆ అలల్ని పుట్టీతో నింపుతారు, మళ్లీ మొదటికే. లోపలికి ఎపాక్సీ ప్రైమరు, అతుకుల మీద సీమ్ సీలరు, సిల్లు బోలులోకి వ్యాక్సు. ఈ చివరిది ఎగ్గొట్టే షెడ్లే ఎక్కువ, ఎందుకంటే బయటికి కనబడదు.

---

లోడింగ్_కాంట్రాక్ట్:

రవాణా గురించి. వసయి నుంచి గుంటూరు రమారమి 1000 కి.మీ. కొత్త కార్లు తీసుకెళ్లే కంటెయినర్లలో స్టార్టవని బండిని చాలామంది ఎక్కించుకోరు. ర్యాంపు ఎక్కాలంటే బండి దానంతట అది కదలాలి. మీకు కావాల్సింది వించ్ (తాడుతో లాగే యంత్రం) ఉన్న ఫ్లాట్‌బెడ్ లారీ. రానూపోనూ కిలోమీటర్లకు రేటు అడుగుతారు. తిరుగు లోడు దొరికే బండి అయితే బాగా తగ్గుతుంది, కానీ వాళ్ల తేదీకి మీరు సిద్ధంగా ఉండాలి. లోడు రసీదు మీద "నడవని బండి" అని రాయించండి. లేకపోతే అక్కడికొచ్చి అదనం అడుగుతారు.

లోడు రోజుకు ముందే నాలుగు చక్రాలూ తిరగాలి. పట్టేసిన డ్రమ్మును వించ్‌తో ఈడిస్తే టైరు చిరుగుతుంది, కట్ట షాకిల్ విరుగుతుంది. మెకానిక్కును పంపినప్పుడే డ్రమ్ములు విప్పించి షూలు వదులు చేయించండి. టైర్లలో గాలి ఒక రాత్రంతా నిలుస్తుందా చూడమనండి, నిలవకపోతే ట్యూబులు వేయించాలి. స్టీరింగు తాళం చెవి, తటస్థంలో గేరు పడుతుందా కూడా.

హైడ్రా క్రేన్‌తో ఎత్తుదామంటే ఒప్పుకోకండి. బెల్టు సిల్లుల కింద పడుతుంది. మీ కుడి సిల్లు సంగతి పైన చెప్పారు కదా, అక్కడికక్కడే నడుము మడుస్తుంది. బంపరుకు తాడు కట్టడం కూడా వద్దు. కట్టడం చక్రాలకే, నాలుగు చక్రాలకు నాలుగు వీల్ స్ట్రాపులు, ముందూవెనకా దిమ్మలు. బాడీకి కడితే సస్పెన్షన్ ఊగిన ప్రతిసారీ రేకు లాగుతుంది.

ట్యాంకు ఖాళీ చేయించి, బ్యాటరీ తీయించండి. హబ్ క్యాపులు, గ్రిల్లు, బ్యాడ్జీలు, దీపాలు, అద్దాలు, జాకీ, పానాలు విప్పించి, ఒక్కోటి ఫొటో తీసి, పెట్టెలో సర్ది మీతో తెచ్చుకోండి లేదా విడిగా పార్శిల్ చేయండి. దారిలో మాయమయ్యేవి అవే. ట్రాన్సిట్ ఇన్సూరెన్సు విడిగా తీసుకోండి, లారీకి ఉన్న ఇన్సూరెన్సు మీ బండికి వర్తించదు. లారీలో అమ్మకం ఒప్పందం, ఆర్‌సీ, ఇద్దరి గుర్తింపు కార్డుల నకళ్లు ఒక సెట్టు ఉండాలి. ఒరిజినల్ ఆర్‌సీ డ్రైవరు చేతికి ఇవ్వొద్దు.

---

పద్మిని_ప్రియ:

నాదొక వేరే మాట. 1,60,000 పెట్టి, పైన ఆర్‌టీఓ ఖర్చులు, సిల్లులు, బ్రేకులు, రవాణా అన్నీ వేసుకుంటే, కోయంబత్తూరు వైపో హైదరాబాదులోనో కాగితాలు బతికున్న, నడుస్తున్న పద్మిని వచ్చేస్తుంది. డిలైటే కావాలన్న పట్టుదల ఉంటే తప్ప ఈ బండి వెంట పడకండి. ఉంటే మాత్రం, వారసత్వం మార్పు, ఎన్‌ఓసీ అమ్మేవాళ్ల బాధ్యత అని రాయించుకుని, 90,000 దగ్గర మొదలుపెట్టండి. కుడి సిల్లు, నంబరు కలవని ఇంజిన్, తీరిన గడువు, ఈ మూడూ ఫోనులో ఒకటొకటిగా చెప్పండి. "తగ్గించండి" అని ఊరికే అంటే తగ్గదు.

అడ్వాన్స్ ఇస్తే ఐదు వేలు, అది కూడా ఆర్‌టీఓ జవాబు వచ్చాక. మిగతాది లోడు అయ్యే రోజున, బుక్కులో పేరున్న మనిషి (అప్పటికి కొడుకు) బ్యాంకు ఖాతాకే. వేరే ఖాతా నంబరు పంపినా, ఫోనులో యూపీఐ రిక్వెస్టు పంపి "యాక్సెప్ట్ నొక్కండి" అన్నా అక్కడితో ఆపేయండి.

---

గుంటూరు_గ్యారేజీ:

అర్థమైంది, డిలైట్ మీదే మనసు ఉంది కాబట్టి బేరం ఆ దారిలో చేస్తా. చివరిగా ఒకటి. బండికి 50 ఏళ్లు దాటాయి కదా, వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు వెళ్తే ఈ రెన్యూవల్ గొడవ తప్పుతుందా? ఇంజిన్ నంబరు కలవకపోవడం దానికి అడ్డమా?

---

ఆర్‌సీ_బుక్కు:

2021 జులైలో వచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన, సొంతానికి వాడే బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ దొరుకుతుంది. ఫీజు 20,000, పదేళ్లు చెల్లుతుంది, తర్వాత రెన్యూవల్ 5,000. అప్పటికే నంబరున్న బండి పాత నంబరు ఉంచుకోవచ్చు. కొత్తగా ఇచ్చేవాటికి రాష్ట్రం అక్షరాల తర్వాత "వీఏ" వస్తుంది.

కానీ రెండు సంగతులు. ఒకటి, ఆ బండిని రోజువారీ తిప్పకూడదు. ర్యాలీలు, ప్రదర్శనలు, రిపేరు, పెట్రోలు, వీటికి వెళ్లి రావడమే. ఆదివారం ఇంటిల్లిపాదీ అమరావతి వెళ్లొద్దామంటే కుదరదు. రెండు, ఛాసిస్ లేదా బాడీలో గానీ ఇంజిన్‌లో గానీ పెద్ద మార్పు చేసిన బండి అర్హం కాదు. అదే 1089 ఇంజిన్, అదే కంపెనీది కాబట్టి డీజిల్ ఇంజిన్ వేసిన బండి అంత కష్టం కాదు, కానీ బుక్కులో లేని నంబరుతో వింటేజ్ బండ్లను చూసే కమిటీ ముందు నిలబడితే మొదటి ప్రశ్న అదే అవుతుంది. ఇంజిన్ మార్పును అక్కడి ఆర్‌టీఓలోనే, ఆ ఇంజిన్ కొన్న బిల్లు చూపించి, ఎన్‌ఓసీకి ముందు బుక్కులో ఎక్కించమనండి. బిల్లు దొరకలేదంటే అఫిడవిట్ తీసుకుంటారేమో అదే ఆఫీసులో అడిగించండి. దొంగ ఇంజిన్ కాదని తేలకుండా మీరు మాత్రం ఒప్పుకోకండి.

ఏ దారిలో వెళ్లినా వారసత్వం మార్పు, ఎన్‌ఓసీ తప్పవు. అవి అయ్యాక, కొన్న 30 రోజుల్లో ఇక్కడ మీ పేరు మీద బదిలీకి దరఖాస్తు పెట్టండి. సిల్లు పని చేయించేటప్పుడు కోసిన పాత ముక్క, వేసిన కొత్తది, ఛాసిస్ నంబరు ముట్టుకోలేదని కనిపించేలా ప్రతి దశలో తేదీతో ఫొటోలు తీయించండి. ఇన్‌స్పెక్టరు అడిగినప్పుడు ఆ ఫొటోలే మీ సాక్ష్యం. ముందు ఆ మూడు ప్రశ్నలకు వసయి నుంచి జవాబులు తెప్పించుకుని ఇక్కడ పెట్టండి, ఫారాల వరస అప్పుడు చూద్దాం.